బొడ్డుతాడు రక్తం: మూలకణాలు, వైద్యం, నిల్వ

బిడ్డ భూమ్మీద పడి, బొడ్డు కోశాక, తాడులోనూ మాయలోనూ మిగిలిపోయే రక్తమే బొడ్డుతాడు రక్తం. ఆసుపత్రుల్లో దీన్ని కార్డ్ బ్లడ్ అంటారు. ఒక కాన్పులో చేతికి దక్కేది సాధారణంగా 80 నుంచి 100 మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసెడు. పెద్దవాళ్ల ఒంట్లో తిరిగే రక్తంలో అరుదుగా కనిపించే రక్త మూలకణాలు ఇందులో దండిగా ఉంటాయి. మూలుగ పాడైపోయిన రోగికి వీటిని ఎక్కిస్తే అవి ఎముకల్లోకి చేరి, అక్కడే కాపురం పెట్టి, ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నిటినీ కొత్తగా తయారుచేస్తాయి. 1988లో మొదలైన ఈ చికిత్స ఇప్పటికి ప్రపంచమంతటా 40,000 మందికి పైగా జరిగింది.

మన ఊళ్లలో మంత్రసాని మాయను పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టేది. కాన్పులు ఆసుపత్రులకు చేరాక అది పారేసే చెత్తలో కలిసింది. ఇప్పుడు అదే మాయలోని రక్తం కోసం గర్భిణి అయిదో నెలలో ఉండగానే ఫోన్లు మోగుతాయి, రంగు రంగుల కరపత్రాలు ఇంటికి వస్తాయి. పారేసిన దానికీ, బంగారంలా దాచమంటున్న దానికీ మధ్య నిజం ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఈ రక్తం ఎవరికి పనికొచ్చిందో, ఎవరికి రాలేదో విడివిడిగా చూడాలి.

పారిస్‌లో మొదలు

నార్త్ కరోలినాకు చెందిన ఒక అయిదేళ్ల బాలుడికి ఫాంకోనీ రక్తహీనత ఉండేది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తే పుట్టే జబ్బు ఇది. మూలుగ క్రమంగా ఎండిపోతుంది, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మూలుగ మార్పిడి ఒక్కటే దారి, కానీ ఇంట్లో సరిపోయే దాత లేరు. అప్పటికే తల్లి మళ్లీ గర్భవతి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో ఆర్లీన్ ఆవర్‌బాక్ గర్భస్థ శిశువును పరీక్షించారు. కడుపులో ఉన్నది ఆడపిల్ల అనీ, ఆమెకు జబ్బు లేదనీ, అన్నతో ఆమె కణజాలం కలిసిందనీ తేలింది.

పుట్టిన పసికందు నుంచి మూలుగ తీయడం అప్పట్లో ఎవరూ ఊహించడానికి ఇష్టపడని పని. ఇండియానాపొలిస్‌లో హాల్ బ్రాక్స్‌మేయర్ అనే శాస్త్రవేత్త బొడ్డుతాడు రక్తంలో ఎన్ని మూలకణాలు ఉంటాయో, వాటిని గడ్డకట్టించి మళ్లీ కరిగిస్తే ఎన్ని బతికి బట్టకడతాయో అప్పటికే లెక్కలు కడుతున్నారు. ఒక చిన్నపిల్లవాడికి అవి చాలునని ఆయన లెక్క తేల్చింది. చెల్లెలు పుట్టగానే బొడ్డుతాడు రక్తం సేకరించి, ఆయన ప్రయోగశాలలో గడ్డకట్టించారు. దాన్ని అతిశీతల పాత్రలో విమానం మీద పారిస్ చేర్చారు. అక్కడి సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం 1988 అక్టోబరులో ఆ రక్తాన్ని బాలుడికి ఎక్కించింది. ఫాంకోనీ రోగులకు మామూలు మోతాదు మందులు పడవని కనిపెట్టి, వాళ్లకు తగ్గ మోతాదు రూపొందించింది ఆమే. చెల్లెలి కణాలు అన్న ఎముకల్లో నాటుకున్నాయి. దశాబ్దాల తరువాత కూడా అతను ఆరోగ్యంగా ఉన్నాడు.

అంతకు ముందూ ప్రయత్నాలు లేకపోలేదు. 1972లో వర్జీనియాలో మిల్టన్ ఎండే, నార్మన్ ఎండే అనే వైద్య సోదరులు రక్త క్యాన్సర్ ఉన్న ఒక కుర్రవాడికి పలువురు శిశువుల బొడ్డుతాడు రక్తం ఎక్కించిన సంగతి ప్రచురించారు. అప్పటికి కణజాల పొంతన చూసే పద్ధతులు ఇంకా పదును తేలలేదు గనక దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పారిస్ తరువాత మాత్రం వెనక్కి చూసే పని లేకపోయింది. 1992లో న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పాబ్లో రూబిన్‌స్టైన్ మొదటి ప్రజా బ్యాంకును నెలకొల్పారు. ఎవరి బిడ్డ రక్తమో తెలియనక్కర్లేదు, ఎవరికి కావాలంటే వాళ్లకు ఇవ్వాలి, అదీ ఆ బ్యాంకు పద్ధతి. మరుసటి సంవత్సరమే డ్యూక్ విశ్వవిద్యాలయంలో జోన్ కర్ట్‌జ్‌బర్గ్ ఏ బంధుత్వమూ లేని శిశువు రక్తంతో ఒక బిడ్డకు చికిత్స చేశారు. న్యూయార్క్ బ్యాంకు తయారుచేసే హెమాకార్డ్‌కు 2011 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి దొరికింది. ఆ దేశంలో లైసెన్సు పొందిన మొదటి బొడ్డుతాడు రక్త ఔషధం అదే.

ఈ కణాల ప్రత్యేకత

మూలుగ మార్పిడిలో దాతకూ గ్రహీతకూ హెచ్‌ఎల్‌ఏ అనే కణజాల గుర్తులు కలవాలి. ఒంట్లోని రక్షణ కణాలు మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో పోల్చుకునేది ఈ గుర్తులతోనే. పెద్దవాళ్ల మూలుగ తీసుకునేటప్పుడు ఎనిమిదికి ఎనిమిది, వీలైతే పదికి పది గుర్తులు కలవాలని చూస్తారు. బొడ్డుతాడు రక్తానికి ఆరింటిలో నాలుగు కలిసినా చికిత్సకు పూనుకోవచ్చు. కారణం, పసిబిడ్డ రక్షణ కణాలకు ఇంకా లోకం తెలియదు. ఏ సూక్ష్మజీవితోనూ పోరాడని ఆ లేత కణాలు కొత్త ఒంట్లోకి వెళ్లినా అంత తేలిగ్గా తిరగబడవు. మార్పిడి తరువాత దాత కణాలు రోగి చర్మం మీద, కాలేయం మీద, పేగుల మీద దాడి చేయడం ఈ చికిత్సలోకెల్లా పెద్ద భయం. ఆ దాడి దీర్ఘకాలం సాగడం బొడ్డుతాడు రక్తంతో తక్కువ.

ఈ సడలింపు విలువ అందరికీ ఒకటి కాదు. అమెరికా జాతీయ రిజిస్ట్రీలో తెల్లజాతివాళ్లకు పూర్తిగా సరిపోయే పెద్ద దాత దొరికే అవకాశం 75 శాతం దాకా ఉంటే, ఆఫ్రికన్ అమెరికన్లకు అది 20 శాతం కూడా లేదని 2014లో లెక్కగట్టారు. దక్షిణాసియా మూలాలున్నవాళ్లు కూడా తెల్లవాళ్ల కంటే బాగా వెనకబడే ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో ఎవరికైనా రక్త క్యాన్సర్ వస్తే సముదాయమంతా కదిలి, గుళ్లలో, సంఘాల సభల్లో దాతల కోసం శిబిరాలు పెట్టడం వెనక ఉన్నది ఈ కొరతే.

మరో సౌలభ్యం, ఈ రక్తం సిద్ధంగా ఉంటుంది. దాతను వెతికి, ఒప్పించి, పరీక్షించి, తేదీ కుదుర్చుకునేసరికి నెలలు గడుస్తాయి. గడ్డకట్టించిన సంచి అయితే ఎన్నాళ్లనుంచో ఫ్రీజర్‌లో పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దాతకు నొప్పి అన్న మాటే లేదు.

ఇక లోపం ఒక్కటే, అదీ చిన్నది కాదు. కణాలు తక్కువ. రోగి బరువులో ప్రతి కిలోకూ కేంద్రకం ఉన్న కణాలు కనీసం 2.5 కోట్లు కావాలి. ఒక సంచిలో 100 కోట్ల కణాలు ఉన్నాయనుకుంటే అది 40 కిలోల మనిషి వరకే సరిపోతుంది. పిల్లలకు ఇది చక్కగా కుదిరింది, పెద్దలకు కుదరలేదు. కొత్త తెల్ల కణాలు కనబడటానికి మూలుగ మార్పిడిలో రెండు మూడు వారాలు పడితే ఇక్కడ మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. ఆ అదనపు వారమే ప్రమాదం. తెల్ల కణాలు లేని ఒంటికి ఇంటి దుమ్ములోని బూజు కూడా ప్రాణాంతకమే.

ఈ అడ్డు దాటడానికి మిన్నెసోటాలో జాన్ వాగ్నర్, జూలియట్ బార్కర్ రెండు వేర్వేరు శిశువుల సంచులను ఒకే రోగికి ఎక్కించారు. పెద్దలకు ఆ దారి తెరుచుకుంది. పిల్లలకు మాత్రం ఒక సంచి చాలినప్పుడు రెండోది అదనంగా మేలు చేయలేదని 2014లో తేలింది. ప్రయోగశాలలో కణాలను పెంచి ఇచ్చే ఒమిడుబిసెల్ అనే ఔషధానికి 2023 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. దానితో తెల్ల కణాలు కోలుకోవడానికి పట్టే కాలం 22 రోజుల నుంచి 12 రోజులకు తగ్గింది.

కాన్పు గదిలో జరిగేది

బిడ్డను తల్లి పొట్టమీద పెట్టి, తాడుకు రెండు చోట్ల బిగింపులు వేసి కోశాక, మాయ వైపు మిగిలిన తాడును శుభ్రంగా తుడిచి, రక్తనాళంలో సూది గుచ్చుతారు. రక్తం గడ్డకట్టకుండా ముందే ద్రావణం పోసి ఉన్న సంచిలోకి తనంతట తానే దిగుతుంది. అయిదు నిమిషాల పని. సిజేరియన్‌లోనూ ఇదే పద్ధతి. తల్లికీ తెలియదు, బిడ్డకూ తెలియదు. సంచితో పాటు తల్లి రక్తం కూడా తీసుకుంటారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా లాంటివి లేవని ఆ నమూనాతోనే తేల్చుకోవాలి.

ప్రయోగశాల చేరిన రక్తంలోంచి ఎర్ర కణాలనూ ప్లాస్మానూ చాలావరకు తీసేసి, మూలకణాలుండే భాగాన్ని 20, 25 మిల్లీలీటర్లకు కుదిస్తారు. ఆ తరువాత డీఎంఎస్‌ఓ అనే రసాయనం కలుపుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు సూదుల్లా కణాన్ని లోపలి నుంచి చీలుస్తాయి. ఈ రసాయనం వాటిని ఏర్పడనివ్వదు. చల్లబరచడంలోనూ తొందర పనికిరాదు. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించుకుంటూ వచ్చి, చివరికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని తొట్టిలో పెడతారు. అక్కడ కణానికి కాలం ఆగిపోయినట్టే. 27 సంవత్సరాలు నిల్వ ఉన్న రక్తంలోనూ మూలకణాలు పనిచేసే స్థితిలో ఉన్నాయని బ్రాక్స్‌మేయర్ బృందం 2023లో చూపించింది.

ఎక్కించే రోజున సంచిని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, మామూలు రక్తంలాగే సిరలోకి పంపుతారు. డీఎంఎస్‌ఓ ఊపిరిలోంచి బయటికి వస్తుంది గనక ఆ గదంతా ఒకటి రెండు రోజులు వెల్లుల్లి వాసన కొడుతుంది. అంత పెద్ద చికిత్సలో ఆ ఘడియ చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. అసలు కష్టం దానికి ముందూ వెనకా ఉంది: పాత మూలుగను మందులతో పూర్తిగా తుడిచేయడం, ఆ తరువాత కొత్తది చిగురించే దాకా రోగిని కంటికి రెప్పలా కాచుకోవడం.

ఏ జబ్బులకు

లుకేమియా, లింఫోమా లాంటి రక్త క్యాన్సర్లు, మూలుగ ఎండిపోయే జబ్బులు, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలు, తలసీమియా, సికిల్ సెల్, ఇంకా కొన్ని జీవక్రియ లోపాలు ఈ జాబితాలో వస్తాయి. జీవక్రియ లోపాల్లో బొడ్డుతాడు రక్తం చేసిన మేలు విశేషమైనది. హర్లర్ వ్యాధి ఉన్న 20 మంది పిల్లలకు బంధుత్వం లేని దాతల రక్తంతో చికిత్స చేస్తే 17 మంది బతికారని డ్యూక్ బృందం 2004లో ప్రకటించింది. మెదడును నెలల్లో కూల్చేసే క్రాబే వ్యాధిలో లక్షణాలు కనిపించక ముందే చికిత్స అందిన 11 మంది నవజాత శిశువులూ బతికారు. లక్షణాలు మొదలయ్యాక చికిత్స పొందిన పసివాళ్లలో సగం మంది కూడా మిగల్లేదు. బతికిన పిల్లల్లోనూ చాలామందికి నడకలో ఇబ్బందులు వచ్చాయి. అయినా ఇలాంటి జబ్బుల్లో ఒక్కో వారమూ లెక్కే. పెద్ద దాత కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు. ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉన్న సంచే ఆ పిల్లలకు దిక్కు.

న్యూయార్క్‌లో మిశ్రజాతి మహిళ ఒకరికి 2017లో లుకేమియాకు చేసిన చికిత్స మరో సంగతికి దారి తీసింది. ఆమెకు హెచ్‌ఐవీ కూడా ఉంది. హెచ్‌ఐవీని కణంలోకి రానివ్వని అరుదైన జన్యుమార్పు ఉన్న బొడ్డుతాడు రక్తాన్ని, బంధువు మూలకణాల తోడుతో ఎక్కించారు. రెండు జబ్బులూ తగ్గాయి. మందులు ఆపేశాక కూడా వైరస్ కనిపించలేదని 2022లో ప్రకటించారు. ఆ జన్యుమార్పు ఉన్నవాళ్లు ఎక్కువగా ఉత్తర ఐరోపా సంతతివాళ్లే. పూర్తి పొంతన అక్కర్లేని బొడ్డుతాడు రక్తం కాబట్టే మిశ్రజాతి మహిళకు అది అందింది.

మస్తిష్క పక్షవాతానికీ ఆటిజానికీ ఇది పనిచేస్తుందన్న ప్రచారం బాగా వినిపిస్తుంది. డ్యూక్‌లోనే వీటి మీద పద్ధతి ప్రకారం పరీక్షలు జరిగాయి. మస్తిష్క పక్షవాతం ఉన్న 63 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో ఏడాది తరువాత సొంత రక్తం పొందినవాళ్లకూ ఉత్తుత్తి మందు పొందినవాళ్లకూ మొత్తం మీద తేడా కనబడలేదు. ఎక్కువ కణాలు అందిన పిల్లల్లో మాత్రం కొంత మెరుగుదల ఉంది. ఆటిజం మీద 180 మందితో చేసిన పరీక్ష ముందుగా పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకోలేదు. పరిశోధన సాగాలి, సందేహం లేదు. కానీ ఇంకా పరీక్షలో ఉన్నదాన్ని చికిత్స పేరుతో డబ్బుకు అమ్మడం, బిడ్డ మాట్లాడితే చాలునని ఎదురుచూసే తల్లికి చేసే ద్రోహం.

తలసీమియా ఇళ్లలో

తెలుగువాళ్లకు ఈ విషయం అన్నిటికంటే దగ్గరగా తగిలేది ఇక్కడ. మన దేశంలో ఏటా 10,000 నుంచి 12,000 మంది పిల్లలు తలసీమియా మేజర్‌తో పుడతారని అంచనా. రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుమును దించడానికి రోజూ మందులు వాడాలి. హైదరాబాదులోని తలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి పిల్లల్ని తీసుకువచ్చే తల్లిదండ్రులకు బస్సు టైములు, రక్తం సంచుల లెక్కలే క్యాలెండరు. మన్యంలోని ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ ఇంకో రూపంలో ఇదే భారం.

మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో ఇలాంటి జబ్బులు పుట్టే అవకాశం పెరుగుతుంది. అదే మేనరికం వల్ల దగ్గరి బంధువుల్లో హెచ్‌ఎల్‌ఏ కలిసే దాత దొరికే వీలు కూడా ఇతర కుటుంబాల కంటే కాస్త ఎక్కువ. జబ్బును తెచ్చిన నెత్తుటి దగ్గరితనమే ఒక్కోసారి దాతనూ చూపిస్తుంది.

తోబుట్టువు బొడ్డుతాడు రక్తంతో తలసీమియాకు చేసిన చికిత్స ఫలితాలు ధైర్యమిచ్చేవే. ఇటలీ వైద్యుడు ఫ్రాంకో లొకాటెల్లి బృందం 2003లో 44 మంది తలసీమియా, సికిల్ సెల్ పిల్లల వివరాలు ప్రచురించింది. ఒక్కరు కూడా చనిపోలేదు, 36 మంది జబ్బు నుంచి బయటపడ్డారు. 2013లో వచ్చిన పెద్ద పరిశీలనలో తలసీమియా పిల్లల్లో ఆరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు మూలుగ మార్పిడిలో 86 శాతం, తోబుట్టువు బొడ్డుతాడు రక్తంలో 80 శాతం. దాదాపు సమానమే. కానీ బంధుత్వం లేని సంచి వాడినప్పుడు చిత్రం తలకిందులైంది. 2011లో ప్రచురించిన లెక్కల్లో ఆ పిల్లల్లో జబ్బు లేకుండా మిగిలినవాళ్లు 21 శాతమే. కొత్త కణాలు నాటుకోకపోవడమే ఎక్కువగా దెబ్బతీసింది.

కాబట్టి తలసీమియా బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి మళ్లీ గర్భవతి అయితే ఆ కాన్పు బొడ్డుతాడు రక్తం నిజంగా విలువైనది. లెక్క కూడా చూసుకోవాలి. కొత్త బిడ్డకు జబ్బు రాకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు. అన్నతోనో అక్కతోనో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. రెండూ కూడి రావడం పదహారింట మూడు, అంటే సుమారు 19 శాతం. ఆశ పెట్టుకోదగ్గ సంఖ్యే, ఆశ మొత్తం దానిమీదే పెట్టుకోదగ్గది కాదు. 2000 సంవత్సరంలో అమెరికాలో ఫాంకోనీ రక్తహీనత ఉన్న ఒక పాప తల్లిదండ్రులు ప్రయోగశాలలో పిండాలను పరీక్షించి, జబ్బు లేనిదీ పాపతో కలిసేదీ ఎంచుకుని తమ్ముణ్ని కన్నారు. వాడి బొడ్డుతాడు రక్తంతోనే అక్కకు చికిత్స జరిగింది. ఒక బిడ్డను ఇంకొక బిడ్డ కోసం కనవచ్చా అన్న ప్రశ్న అప్పట్లో పత్రికలన్నీ అడిగాయి. మంచం మీద ఉన్న బిడ్డను రోజూ చూస్తున్న తల్లిని ఆ ప్రశ్నతో తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు.

దాచే బ్యాంకులు

ప్రజా బ్యాంకు రక్తాన్ని ఉచితంగా తీసుకుంటుంది, పరీక్షిస్తుంది, కణాలు చాలకపోతే వద్దంటుంది. అలా సగానికి పైగా సంచులు నిల్వకు ఎక్కవు. ఎక్కినవాటి వివరాలు అంతర్జాతీయ జాబితాలో ఉంటాయి. ప్రపంచంలో ఇలాంటి సంచులు సుమారు 8 లక్షలు. ప్రైవేటు బ్యాంకుల్లో డబ్బు కట్టి సొంతానికి దాచుకున్నవి అంతకు ఎన్నో రెట్లు. మార్పిడులు జరిగింది మాత్రం అత్యధికం ప్రజా బ్యాంకుల సంచులతోనే.

ఎందుకంటే సొంత రక్తం సొంత బిడ్డకు అవసరపడే సందర్భాలు చాలా తక్కువ. తలసీమియా లాంటి జన్యు జబ్బులో బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. ఇల్లు కూలిందని అదే పుచ్చిన దూలంతో మళ్లీ కట్టినట్టవుతుంది. పిల్లల లుకేమియాల్లో చాలావాటికి మొదటి జన్యుమార్పు కడుపులోనే పడుతుందని, పుట్టినప్పుడు మడమ దగ్గర తీసి దాచిన రక్తపు చుక్కల్లో ఆ గుర్తులు దొరకడంతో తేలింది. అంటే దాచిన సంచిలోనూ ఆ విత్తనం ఉండవచ్చు. పైగా పరాయి దాత కణాలు మిగిలిన క్యాన్సర్ కణాలను వెతికి చంపుతాయి. సొంత కణాలకు ఆ పగ ఉండదు. బ్యాంకుల కరపత్రాల్లో కనిపించే 80 జబ్బుల జాబితాను ఈ వెలుగులో చదవాలి. అవి మూలకణాల మార్పిడితో నయం చేయదగ్గ జబ్బులు. అత్యధికంగా ఇతరుల కణాలతో.

సొంత బొడ్డుతాడు రక్తం మొదటి 20 ఏళ్లలో అవసరపడే అవకాశం 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి వరకు ఉంటుందని భారత శిశువైద్యుల అకాడమీ 2018 ప్రకటనలో పేర్కొంది. భవిష్యత్తులో సొంతానికి వాడుకోవడం కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలూ చెబుతున్నాయి. అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా ప్రజా బ్యాంకుకు ఇవ్వడమే మేలంటుంది. ఫ్రాన్స్‌లో సొంతానికి దాచే ప్రైవేటు బ్యాంకులకు అనుమతే లేదు. ఇటలీలోనూ అంతే, కాకపోతే అక్కడ కుటుంబాలు తమ ఖర్చుతో రక్తాన్ని విదేశానికి పంపుకోవచ్చు.

మన దేశంలో ఈ బ్యాంకులు ఔషధాలు, సౌందర్య సాధనాల నిబంధనల కిందికి వస్తాయి. 2012లో అమల్లోకి వచ్చిన సవరణతో సేకరణ, పరీక్ష, నిల్వ అన్నిటికీ లైసెన్సు తప్పనిసరి అయింది. బొడ్డుతాడు రక్తం తప్ప పంటి గుజ్జు, రుతు రక్తం, బొడ్డుతాడు కణజాలం లాంటివాటి వాణిజ్య నిల్వను వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఒప్పుకోవు. అయినా కలిపి దాచే ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఉన్నారు. ప్రైవేటు నిల్వకు అర లక్ష నుంచి లక్ష రూపాయలు, కొన్నిచోట్ల అంతకు పైగా ఖర్చవుతుంది, వాయిదాల మీద. చిట్టీ పాడి, కాన్పు ఖర్చుకు దాచుకున్నదానిలోంచి తీసి కట్టే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. చందాదారులంతా తమ సంచుల్ని ఉమ్మడి నిధిగా పెట్టుకునే కమ్యూనిటీ బ్యాంకింగ్ పద్ధతి 2017 నుంచి చెన్నై కేంద్రంగా ప్రచారంలోకి వచ్చింది. సొంతానికే దాచడం కంటే ఇది మెరుగైన ఆలోచనే. కానీ ఆ నిధి తలుపు డబ్బు కట్టినవాళ్లకే తెరుచుకుంటుంది. అసలైన ప్రజా బ్యాంకు మన దేశంలో నిలదొక్కుకోలేకపోయింది. ఒక్కో సంచిని పరీక్షించి ఏళ్ల తరబడి చల్లగా ఉంచడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది తేలలేదు. వందల కులాలు, తెగలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన దేశంలో హెచ్‌ఎల్‌ఏ రకాలు ఎంతో విడివిడిగా ఉన్నాయి. ఇలాంటి చోట ప్రభుత్వం పూనుకోవాల్సిన పని ఇది.

దాచినది దాచినట్టే ఉంటుందన్న భరోసా కూడా పరీక్షించి చూసుకోవాల్సిందే. 2023లో సింగపూర్‌లోని ఒక ప్రైవేటు బ్యాంకులో నత్రజని తొట్లలో చలి తగ్గిన సంగతి బయటపడింది. ఒక్క తొట్టిలోనే సుమారు 2,200 సంచులు పాడైనట్టు అక్కడి ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ తల్లిదండ్రులు కోల్పోయినదాన్ని డబ్బుతో మళ్లీ సేకరించలేరు.

బిడ్డ వాటా

తాడు కోయడం ఎంత ఆలస్యమైతే మాయలోని రక్తం అంత ఎక్కువగా బిడ్డలోకి దిగుతుంది. ఒక నిమిషం ఆగితే సుమారు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు 100 దాకా. సరిగ్గా బ్యాంకు అడిగే పరిమాణం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమంటుంది. ఆ రక్తంతో బిడ్డకు మొదటి నెలల్లో ఇనుము నిల్వ పెరుగుతుంది. నెలలు నిండని పిల్లల్లో ఇలా ఆగడం ప్రాణాన్ని కాపాడే మేలు. చాలా పల్లెల్లో మంత్రసానులు మాయ పడ్డాకే బొడ్డు కోసేవారు. ఆధునిక ఆసుపత్రులు ఆ ఓపికను వదిలేసి, ఇప్పుడు పరిశోధనల దారిన మళ్లీ దానికే వచ్చాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 67 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 70. ఇలాంటి చోట బ్యాంకు సంచి నిండటం కోసం తాడును తొందరగా బిగించడం, బిడ్డ నోటి దగ్గరి పాలగిన్నె లాక్కోవడమే. ముందు ఆగి, తరువాత మిగిలినదే తీసుకోవాలి. అప్పుడు సంచి బరువు తగ్గుతుంది, తగ్గనివ్వాలి.

ఇప్పటి స్థితి

గత పదేళ్లలో బొడ్డుతాడు రక్తం వాడకం అమెరికాలోనూ ఐరోపాలోనూ తగ్గింది. సగం గుర్తులు కలిసిన తల్లి, తండ్రి, తోబుట్టువు మూలుగతోనే చికిత్స చేసి, ఆ తరువాత సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి దాత కణాల దాడిని అణిచే పద్ధతి జాన్స్ హాప్కిన్స్‌లో రూపుదిద్దుకుంది. దాత ఇంట్లోనే దొరుకుతున్నారు, ఖర్చు తక్కువ. 2021లో వచ్చిన పోలిక పరీక్షలో మొత్తం బతికినవాళ్ల సంఖ్య ఈ పద్ధతికే అనుకూలంగా వచ్చింది. మన దేశంలోనూ చాలా కేంద్రాలు ఇటే మొగ్గాయి. జపాన్ మాత్రం ఏటా వెయ్యికి పైగా బొడ్డుతాడు రక్త మార్పిడులు చేస్తూ ఈ దారిని వదలలేదు. చికిత్సకు ముందు క్యాన్సర్ ఆనవాళ్లు కొద్దిగా మిగిలిన రోగుల్లో జబ్బు తిరగబెట్టడం బొడ్డుతాడు రక్తంతో తక్కువని సియాటిల్ వైద్యులు 2016లో చూపించారు.

కొత్త పని మరో వైపు నుంచి వస్తోంది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రంలో కతాయూన్ రెజ్వానీ బృందం బొడ్డుతాడు రక్తంలోని సహజ సంహారక కణాలకు జన్యుమార్పు చేసి, లింఫాయిడ్ క్యాన్సర్లున్న 11 మందికి ఇచ్చింది. ఎనిమిది మందిలో క్యాన్సర్ తగ్గింది. తలసీమియా, సికిల్ సెల్‌లలో రోగి సొంత మూలకణాల జన్యువునే సవరించే క్యాస్జెవీ అనే చికిత్సకు 2023 చివరి నుంచి అనుమతులు వస్తున్నాయి. దాని ధర ప్రస్తుతానికి మన రోగులకు అందనంత ఎత్తులో ఉంది.

అందుకే తలసీమియా బిడ్డను ఒళ్లో పెట్టుకుని మళ్లీ గర్భవతి అయిన తల్లి విషయంలో చేయాల్సిన పనులు ఇంకా పాతవే. పది నుంచి పన్నెండు వారాల మధ్య గర్భస్థ పరీక్ష చేయించాలి. హెచ్‌ఎల్‌ఏ కూడా అప్పుడే చూడవచ్చేమో అడగాలి. బిడ్డకు చికిత్స చేస్తున్న రక్తరోగ నిపుణుడినీ, కాన్పు చేసే వైద్యురాలినీ ఒకరితో ఒకరిని ముందే మాట్లాడించాలి. సేకరణ కిట్టు తొమ్మిదో నెల రాకముందే ఇంట్లో ఉండాలి, ఎందుకంటే నొప్పులు అర్ధరాత్రి కూడా వస్తాయి. సంచి మీద తల్లి పేరు, తేదీ, సమయం కాన్పు గదిలోనే రాయించాలి. దాన్ని ఐసు గడ్డల మధ్య పెట్టకుండా మామూలు చల్లదనంలోనే ఉంచి, 48 గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చాలి. పెద్దబిడ్డ రక్తం ఎక్కించుకునే తేదీ ఆ వారంలోనే పడితే, ఆసుపత్రికి వెళ్లే మనిషి ఒకరు అదనంగా కావాలి.